చేప పుష్టిని కొలుచుట ఎట్లు?

గడచిన శీతకాలమున ఒకనాటి ఉదయము బాపట్ల తీరమున, ఒక కాలువ సముద్రములో కలియు మొగ వద్ద నిలిచియుంటిని. సెలవుదినమున గుంటూరునుండి గాలపువేటకు వచ్చిన యువకుడొకడు అప్పుడే ఒక పండుగప్పను ఒడ్డునకు లాగెను. సంతోషముతో టేపు తీసి కొలిచెను. మూతినుండి తోక చివరవరకు 40 సెంటీమీటర్లున్నది. ప్రక్కన వల బాగుచేసికొనుచున్న వృద్ధ మత్స్యకారుడు తలయెత్తి ఒక్క చూపు చూచి, "పొడుగుంది గాని బాబూ, ఒంట్లో పస లేదు. చిక్కిన చేప" అనెను.

"అదేంటి తాతా, పోయిన నెల పట్టిందీ ఇంతే పొడుగుందిగా!" అని యువకుడు నొచ్చుకొనెను.

"పొడుగు చూస్తే ఏం తెలుస్తుంది? వీపు మీద చెయ్యేసి చూడు, కత్తిలా తగుల్తంది. తల చూడు, ఒంటికి మించి ఎంత పెద్దగా అగపడతందో. మా చిన్నతనంలో ఇంత చేప దీనికంటే బాగా తూగేది."

"ఎంత తూగేది తాతా?"

వృద్ధుడు నవ్వి, "ఎవరు రాసిపెట్టారు బాబూ?" అనెను.

ఆ మాట నన్ను చాలదినములు విడువలేదు. ఆ వృద్ధుని కన్ను చూచినది నిజమే కావచ్చును. కాని ఆ నిజము అతని కంటిలోనే యుండి, అతనితోనే పోవును. ఆ చూపును ఒక అంకెగా మార్చి కాగితముమీద నుంచగలిగినచో, ఇరువది యేండ్ల తరువాత వచ్చినవాడు కూడ దానిని చదువగలడు. చేప దేహపుష్టిని అంకెగా మార్చుట యెట్లు? ఆ అంకె ఎప్పుడు నిజము చెప్పును? ఎప్పుడు మోసగించును? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

సముద్రమునకు దూరముగా నరసరావుపేటలోనో, అద్దంకిలోనో కూర్చుండి వినుచున్నవారికి ఇది పరాయి విషయమని తోచవచ్చును. నిజమునకు ఈ విద్యలో మొదటి పాఠము మెట్టపొలములవారికి ముందే తెలియును. కళ్ళములో ఆరబోసిన మిరపకాయలను చూడుడు. ఒకే పొడవుగల రెండు కాయలలో ఒకటి నిండుగా, ఎఱ్ఱగా నుండును; రెండవది తాలుకాయ. పొడవు కొలిచి ఎవరును మిరపకు ధర కట్టరు. ఒంగోలు గిత్తను కొనువాడు ఎత్తు మాత్రమే చూచి బేరమాడడు. మూపురము చూచును, ప్రక్కటెముకలు లెక్కకు వచ్చుచున్నవేమో చూచును, తుంటిమీద చేయివేసి తడవును. పశువైద్యులు ఆ చూపునే 1 నుండి 5 వరకు అంకెలుగా వేసి వ్రాసికొందురు. దేహము యొక్క పరిమాణము వేరు, పుష్టి వేరు. ఈ భేదమును గ్రహించినవానికి చేప విషయమున సగము పాఠము పూర్తియైనట్లే.

మన భాషకు కూడ ఈ భేదము తెలియును. సముద్రములో నున్నంతకాలము విలస యని పిలువబడు చేపయే గోదావరిలో ప్రవేశించి ఎదురీదిన తరువాత పులస యగును. జాతి యొకటే, పేర్లు రెండు. నీరు మారుటచేత, దేహస్థితి మారుటచేత రుచి మారునని గ్రహించిన జనులు ఆ మార్పునకు ప్రత్యేకముగా ఒక పేరు పెట్టుకొనిరి. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను నానుడి పుట్టినది ఈ భేదమువలననే. నాలుకతో గ్రహించిన దానిని కొలబద్దతోను, కాటాతోను గ్రహించుటయే శాస్త్రజ్ఞులు చేసిన పని.

ఇక ఆ పని యెట్లు జరుగునో చూతము. బరువును పొడవుతో భాగించిన చాలునని మొదట తోచును. 30 సెంటీమీటర్ల చేపకంటె 60 సెంటీమీటర్ల చేప రెండింతలు పొడవు గనుక రెండింతలు తూగవలెనని అనుకొందుము. అది పొరపాటు. చేప పొడవులో రెండింతలు పెరిగినపుడు ఎత్తులోను, మందములోను కూడ రెండింతలు పెరుగును. రెండును రెండును రెండును గుణించిన ఎనిమిది. కావున ఆకారము మారకుండ పెరిగిన చేప బరువు ఎనిమిది రెట్లగును. ఈ సూత్రమును ఇటలీ దేశీయుడైన గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథమున వివరించినాడు. దేహము పెరిగినపుడు దాని ఉపరితలము పొడవు వర్గమును బట్టియు, ఘనపరిమాణము పొడవు ఘనమును బట్టియు పెరుగునని దాని సారాంశము.

అందుచేత చేప బరువును పొడవు యొక్క ఘనముతో, అనగా పొడవును మూడుమారులు వేసి గుణించిన ఫలితముతో భాగింపవలెను. వచ్చు అంకె మిక్కిలి చిన్నది గనుక సౌకర్యముకొరకు 100తో గుణింతురు. దీనిని మనము పుష్టిగుణకమందము. 20వ శతాబ్దారంభమున స్కాట్లండులో సముద్రమత్స్యముల పెరుగుదలను పరిశీలించిన ఫుల్టన్ పేరుతో దీనిని వ్యవహరింతురు.

మొగ వద్ద పట్టిన ఆ పండుగప్పనే ఉదాహరణగా గైకొందము. పొడవు 40 సెంటీమీటర్లు. 40ని మూడుమారులు వేసి గుణించిన 64,000. దాని బరువు 800 గ్రాములనుకొందము. 800ని 100తో గుణించి 64,000తో భాగించిన 1.25 వచ్చును. అదే పొడవు గల మరియొక చేప 720 గ్రాములే తూగినచో గుణకము 1.13కు దిగును. వృద్ధుడు "పస లేద"ని యన్నది ఈ దిగుదలనే. అతడు వ్రేళ్ళతో చెప్పిన దానిని మనము అంకెతో చెప్పితిమి.

గుణకము 1.25గానే యున్నచో 30 సెంటీమీటర్ల చేప సుమారు 338 గ్రాములు, 60 సెంటీమీటర్ల చేప 2,700 గ్రాములు తూగవలెను. ఎనిమిది రెట్ల లెక్క ఇచ్చట సరిపోవుచున్నది. ఈ అంకెలు లెక్క విధానమును చూపుటకు గైకొన్నవే గాని పండుగప్పకు నిర్ణయింపబడిన ప్రమాణములు కావని గమనింపవలెను.

ఇంతవరకు సులభముగనే యున్నది. ఇచ్చటనుండి జాగ్రత్త కావలెను.

మొదటి జాగ్రత్త: ఒక జాతిని మరియొక జాతితో పోల్చరాదు. చందువ వెడల్పుగా పళ్ళెమువలె నుండును. వంజరము కదురువలె సాగియుండును. సావిడాయి నడికట్టువలె నుండును. ఒకే పొడవున్నను ఇవి ఒకే బరువు తూగవు. చందువకు గుణకము ఎక్కువ వచ్చినంతమాత్రమున అది వంజరముకంటె పుష్టిగా నున్నదని అర్థము కాదు. దాని ఆకారమే అట్టిది. చందువను చందువతోను, వంజరమును వంజరముతోను మాత్రమే పోల్చవలెను.

రెండవ జాగ్రత్త: ఒకే జాతిలో కూడ పిల్లకును పెద్దకును ఆకారము ఒక్కటిగా నుండదు. కొన్ని జాతులు పెరిగినకొలది బొద్దుగా నగును, కొన్ని సాగిపోవును. కావున పొడవును సరిగా మూడుమారులే గుణించుట అన్నిటికిని పొసగదు. ఇంగ్లండులోని విండర్మియర్ సరస్సులో పెర్చ్ అను చేపలను పరిశీలించిన లె క్రెన్ 1951లో ఈ చిక్కునకు ఒక మార్గము చూపినాడు. ఒక జలాశయములోని అనేకములైన చేపల పొడవును, బరువును కొలిచి, ఆ జాతికి పొడవు పెరిగినకొలది బరువు ఏ రీతిని పెరుగుచున్నదో ముందుగా కనుగొనవలెను. దానినిబట్టి ఫలానా పొడవుగల చేప ఇంత తూగవలెనని ఒక బరువు ఏర్పడును. చేతిలోని చేప నిజముగా తూగిన బరువును ఆ తూగవలసిన బరువుతో భాగింపవలెను. ఒకటి వచ్చినచో సగటు చేప, ఒకటికి మించినచో పుష్టి గలది, తగ్గినచో చిక్కినది. 800 గ్రాములు తూగవలసిన చేప 720 గ్రాములే తూగినచో గుణకము 0.90 అగును. నూటికి పదివంతుల లోటున్నదని సామాన్యుడు కూడ గ్రహించును.

1978లో అమెరికాలో వేజ్, ఆండర్సన్ అను వారు ఈ పద్ధతినే గాలపువేటకు ప్రసిద్ధమైన బాస్ జాతి చేపలకు మరియొక రీతిగా అన్వయించిరి. ఒక్క చెరువులోని సగటును గాక, అనేక ప్రాంతముల చేపలను బట్టి ఆ జాతికి మేలైన బరువును ప్రమాణముగా నిర్ణయించి, చేప బరువు దానిలో నూటికి ఎన్ని వంతులో చెప్పుట ఆ పద్ధతి. ఒక చెరువులోని చేపలన్నియు చిక్కియున్నపుడు వాటి సగటుతోనే వాటిని పోల్చినచో లోటు తెలియదు గదా! ఊరంతయు పస్తులున్నపుడు ఊరి సగటును ఆరోగ్యమునకు ప్రమాణముగా గైకొనరాదు.

మూడవ జాగ్రత్త కొలతకు సంబంధించినది. చేప పొడవును మూడు విధములుగా కొలుతురు. మూతి కొననుండి తోకరెక్క చివరవరకు మొత్తము పొడవు. మూతినుండి తోక చీలికవరకు రెండవది. కానాగంత, వంజరము మొదలగు చీలిన తోకల చేపలకు ఇది అనుకూలము. తోకరెక్కను విడిచి, మొండెము ముగియు చోటువరకు కొలుచుట మూడవది. పండుగప్ప తోక గుండ్రముగా నుండును గనుక దానికి రెండవ కొలత లేదు. ఇందు ఏది కొలిచినదియు వ్రాయనిచో లెక్క తలక్రిందులగును. మన పండుగప్పకే తోక విడిచి కొలిచిన పొడవు 34 సెంటీమీటర్లనుకొందము. అప్పుడు గుణకము 1.25 గాక 2.04 అగును. చేప అదే, బరువు అదే. కొలిచిన తీరు మాత్రమే మారినది.

పొడవును మూడుమారులు గుణించుచున్నాము గనుక పొడవులోని చిన్న పొరపాటు మూడింతలై బయటపడును. 40కి బదులు 41 అని వ్రాసినచో గుణకము 1.25 నుండి 1.16కు పడిపోవును. ఒక్క సెంటీమీటరు తప్పువలన నూటికి ఏడువంతుల పుష్టి మాయమగును. అందుచేత చేపను వంపు లేకుండ చదునైన పలకమీద పరుండబెట్టి, నోరు మూసి, పలకకు అంటించిన కొలబద్దపై చదువవలెను. టేపును చేప ఒంటిమీదుగా వంచి కొలువరాదు. పొట్ట ఉబ్బెత్తు కూడ పొడవులో చేరిపోవును.

తూచుటలోను మెలకువ కావలెను. ఊగుచున్న పడవలో కాటా నిలువదు. ఒడ్డునకు వచ్చి, గాలి తగులని చోట తూచవలెను. మిర్చియార్డులో టిక్కీని కాటాపై పెట్టినపుడు సంచి బరువు తీసివేయుట అందరికి తెలిసినదే. చేపను తడిగుడ్డలో ఉంచి తూచినపుడు గుడ్డ బరువును కూడ అట్లే తీసివేయవలెను. అదియు గుడ్డ తడిగా నున్నపుడు తూచిన బరువునే. తిరిగి నీటిలో విడువదలచిన చేపను ముందుగా చేతులు తడుపుకొని పట్టుకొనవలెను. పొడిచేతులతో తాకినచో దాని ఒంటిమీది జిగురుపొర ఊడిపోవును. పెద్దచేపను దవుడకు కొక్కెము తగిలించి వ్రేలాడదీయుట క్రూరమే గాక, వెన్నునకు, దవుడకు హానికరము కూడను.

కాటా లేని గాలపువేటగాండ్రు మరియొక ఉపాయము చేయుదురు. చేప నడుము చుట్టుకొలతను దారముతో కొలిచి, దానిని అదే అంకెతో గుణించి, ఆ ఫలితమును పొడవుతో గుణింతురు. అంగుళములలో కొలిచినపుడు 800తో భాగించిన పౌనులు వచ్చును. మన కొలతలలో, సెంటీమీటర్లలో కొలిచి సుమారు 29తో భాగించిన గ్రాములు వచ్చును. 40 సెంటీమీటర్ల పొడవు, 24 సెంటీమీటర్ల చుట్టుకొలత గల చేప ఈ లెక్కను సుమారు 794 గ్రాములు. ఇది ఉజ్జాయింపు మాత్రమే. ఆకారమును బట్టి భాగించు అంకె మారును. అయినను చుట్టుకొలత నిజముగా ఆ చేప ఒంటిదే గనుక, పుష్టిని గూర్చి అది కొంత చెప్పగలదు.

ఇచ్చట ఒక ఉచ్చు కలదు. కొందరు పొడవు మాత్రము కొలిచి, ఆ పొడవునకు పుస్తకములోని పట్టికలో నున్న బరువును చూచి, దానితో పుష్టిగుణకము కట్టుదురు. పట్టికలో నున్నది సగటు చేప బరువు. దానితో లెక్కించినచో ఎప్పుడును సగటు పుష్టియే వచ్చును. తూచకుండ పుష్టిని తెలిసికొనుట, వానపడకముందే వానమాపకములోని నీటిని చదువుట వంటిది.

ఇక చేపయే మనలను మోసగించు సందర్భములు చెప్పెదను. పత్తి క్వింటాలు తూగినంతమాత్రమున క్వింటాలు దూది రాదు. గింజ పోగా దూది సుమారు మూడవవంతు. చేప బరువులోను కండ మాత్రమే గాక గ్రుడ్లు, కడుపులోని మేత మొదలైనవి చేరియుండును. రెండు ఆడ కానాగంతలను ఒకే పొడవువానిని ఎన్నుకొందము. ఒకటి 104 గ్రాములు. అందు 8 గ్రాములు గ్రుడ్లసంచి. రెండవది 100 గ్రాములు. అందు గ్రుడ్లసంచి 1 గ్రాము. మొదటిది బరువైనది; కాని గ్రుడ్లు తీసివేయగా దానికి మిగిలినది 96, రెండవదానికి 99. బరువైన చేపయే చిక్కినది! అందుచేత పరిశోధకులు చేపను కోసి గ్రుడ్లసంచిని, కాలేయమును వేరువేరుగా తూచి, దేహపు బరువులో అవి నూటికి ఎన్ని వంతులో వ్రాసికొందురు. కొన్ని జాతులు కొవ్వును కాలేయములోను, కొన్ని ప్రేవుల చుట్టును, కొన్ని కండలోను దాచుకొనును.

రెండవ మోసము ఇంకను సూక్ష్మమైనది. తేమతో నున్న మిరపకాయలు కాటాపై బరువు తూగునని యార్డులో తెలియనివారు లేరు. ఆ బరువులో సరకు లేదు, నీరున్నది. చేప ఒంటిలోను అట్టిదే జరుగును. ఆకలితో కొవ్వు కరిగినకొలది ఆ చోటును నీరు ఆక్రమించును. కాటాపై బరువు అంతగా తగ్గదు. లోపలి సత్తువ మాత్రము తగ్గిపోవును. నూనెకవళ్ళు మొదలగు కొవ్వుచేపలలో ఈ మార్పు స్పష్టముగా కనిపించును. దీనిని పట్టుకొనుటకు చేపను బరువు ఇక తగ్గనంతవరకు వేడిపెట్టెలో ఆరబెట్టి, మిగిలిన పొడిపదార్థమును తూచుట ఒక మార్గము. ప్రాణముతో నున్న చేప ఒంటిగుండా అతిస్వల్పమైన విద్యుత్తును పంపి, నీటిపాలును కొవ్వుపాలును అంచనావేయుట ఇటీవలి మార్గము. గృహస్థునకు, గాలపువేటగానికి ఇవి అందుబాటులో నుండకపోవచ్చును. ఆ లోటును వృద్ధుని చేయి కొంతవరకు తీర్చును. వీపు కత్తివలె నున్నదా, పొట్ట లోనికి పోయినదా, తల దేహమునకు మించి కనిపించుచున్నదా, ఈ మూడును అంకె ప్రక్కన వ్రాసిపెట్టినచో అంకెకు సాక్ష్యము దొరకును.

ఇంత శ్రమపడి చేప లావును లెక్కించుట దేనికి? పండుగప్ప జీవితమును చూచినచో కారణము తెలియును. ఇది నదులలో, కాలువలలో, ఉప్పుటేళ్ళలో పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు మొగలయొద్దకు, సముద్రపు ఉప్పునీటికి చేరును. అధికభాగము మొదట మగవిగా పరిపక్వమై, పెద్దవైన పిదప ఆడవిగా మారును. అందుచేత తీరములోని మిక్కిలి పెద్ద పండుగప్పలు ప్రాయికముగా తల్లిచేపలు. గాలపువేటగాడు ఛాయాచిత్రము కొరకు కోరుకొనునది వానినే. ఆస్ట్రేలియాలో ఈ చేపనే బారముండి యందురు. అచ్చటి క్వీన్స్‌లాండ్ రాష్ట్రములో మరీ చిన్నవానినే గాక, మరీ పెద్దవానిని కూడ విడిచిపెట్టవలెనని నియమము చేసిరి. మన తీరములో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు యాంత్రిక, మోటారు పడవల వేట నిషేధింపబడుటయు చేపల సంతానరక్షణ కొరకే. గ్రుడ్లు పెట్టుటకు వెళ్ళు చేపకు ఆ పనికి సరిపడు నిలువ ఒంటిలో నుండవలెను. నిలువ లేని తల్లి తక్కువ గ్రుడ్లు పెట్టును, లేక ఆ యేడు పెట్టకయే మానును. కావున ఈ యేటి పుష్టి రాబోవు యేండ్ల వలకు సంబంధించినది.

మెట్టపొలములవారికి కూడ ఇందు ఒక పాలున్నది. పత్తిచేలనుండి, మిరపచేలనుండి వానకు కొట్టుకొనివచ్చు నీరు వాగులలోనికి, మురుగుకాలువలలోనికి, తుదకు ఉప్పుటేళ్ళలోనికి చేరును. చేలమీద చల్లిన మందు ఆ నీటితో కొంత ప్రయాణము చేయును. చేప చిక్కుటకు మేత కొరత, గ్రుడ్లు పెట్టిన అలసట, పురుగులు, వేడెక్కిన నీరు, ప్రాణవాయువు చాలని నీరు, కిక్కిరిసిన చెరువు మొదలగు కారణములనేకములు గలవు. పుష్టిగుణకము వానిలో ఏది కారణమో చెప్పదు. జ్వరమాపకము జ్వరమున్నదని చెప్పును గాని ఏ జ్వరమో చెప్పదు గదా! కాని జ్వరమున్నదని తెలిసినపుడే గదా వైద్యుని పిలుతుము.

ఈ అంకె చెప్పలేనిది ఇంకొకటి కలదు. చేపలు పుష్టిగా నున్నంతమాత్రమున సముద్రములో సమృద్ధిగా నున్నవని కాదు. మిక్కిలి పట్టుటచేత సంఖ్య తగ్గి, మిగిలినవానికి మేత ఎక్కువ దొరికి లావెక్కవచ్చును. సమృద్ధిగా పుట్టిన యేట మేత చాలక చిక్కవచ్చును. పుష్టిని ఎన్ని చేపలు పడినవను లెక్కతో జతచేసి చదువవలెనే గాని ఒంటరిగా చదువరాదు.

ఒక్క చేపను కొలిచి తీర్పు చెప్పుటయు తగదు. మనుషులలో వలెనే చేపలలోను పుట్టుకతో సన్ననివి, లావైనవి యుండును. ఒకే జాతి, రమారమి ఒకే పొడవు గల ముప్పది చేపలను ఒక నెలలో కొలిచి సగటు కట్టినపుడు ఆ నెలకు ఒక అంకె వచ్చును. పన్నెండు నెలలు గడచినచో ఏ నెలలో చేప లావెక్కునో, ఏ నెలలో చిక్కునో తెలియును. మరుసటి యేడు అదే నెలతో పోల్చినపుడు గాని మంచి చెడ్డలు చెప్పుటకు వీలుండదు. పౌష్యమాసపు చేపను ఆషాఢమాసపు చేపతో పోల్చి సముద్రము చెడిపోయినదనుట, ఎండాకాలపు చెరువును చూచి వానాకాలపు చెరువు ఎండిపోయినదనుట వంటిది.

దీనికి పెద్ద సామగ్రి అక్కరలేదు. కొలబద్ద అంటించిన చదునైన పలక, నమ్మదగిన చిన్న కాటా, ఒక నోటుపుస్తకము చాలును. పుస్తకములో గడులు ఎనిమిది: తేది, స్థలము, చేప పేరు, పొడవు, కొలిచిన విధము, బరువు, గ్రుడ్లున్నవా లేవా, వీపును పొట్టను గూర్చి ఒక మాట. తీరగ్రామములోని పాఠశాల పిల్లలు దీనిని చేయగలరు. గుణకారము, భాగహారము నేర్చుకొనుటకు ఇంతకంటె సజీవమైన లెక్క దొరకదు. గాలము వేయుటకు వారము వారము వచ్చు యువకులు చేయగలరు. చేప కొని తెచ్చిన గృహిణి కోయుటకు ముందు రెండు నిమిషములలో చేయగలదు. 1947లో స్థాపింపబడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు రేవులలో పడిన చేపలను లెక్కించుచు, అనేక జాతులకు పొడవునకును బరువునకును గల సంబంధమును ప్రకటించుచు వచ్చినారు. అట్టి ప్రమాణము చేతనున్నపుడు మన పుస్తకములోని అంకెకు పోలిక దొరకును.

వ్రాసిపెట్టిన దాని విలువ యెట్టిదో మన తీరమే ఒక దృష్టాంతము చూపుచున్నది. 18వ శతాబ్దము చివర విశాఖపట్టణములో నుండిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు అచ్చటి చేపలను సేకరించి, బొమ్మలు వేయించి, తెలుగు పేర్లతో సహా 200 చేపలను వర్ణించినాడు. ఆ గ్రంథము 1803లో లండనులో వెలువడెను. అందలి కనగుర్త అను మన మాటనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యూవియే 1816లో ఆ చేపకు శాస్త్రీయనామముగా గైకొనెను. నేటికిని ప్రపంచములో ఎచ్చటనైనను కానాగంతను శాస్త్రజ్ఞులు కనగుర్త యనియే పిలుచుచున్నారు. తీరములోని సామాన్యులు పలికిన పేరు కాగితముమీది కెక్కుటచేత రెండు వందల యేండ్లకు పైగా నిలిచినది. ఆనాడు ఆ చేప ఎంత పొడవునకు ఎంత తూగెడిదో కూడ ఎవరైన వరుసగా వ్రాసియున్నచో నేడు మన కెంత ఉపకారమై యుండెడిది!

మొగ వద్ద ఆ ఉదయము యువకుడు తన చేపను వృద్ధుని చేతి కిచ్చి వీపు తడుమనిచ్చెను. తరువాత తానును తడిమి చూచెను. సమీపపు దుకాణములోని కాటాపై తూచగా 710 గ్రాములు తూగెను. అతడు ఆ అంకెను, పొడవును, తేదిని తన చేతిసంచిలోని పుస్తకమున వ్రాసికొని, క్రింద "వీపు కత్తిలా ఉంది, తాత చెప్పాడు" అని చేర్చెను. వృద్ధుడు వంగి ఆ కాగితమువైపు చూచి, "రేపు పడిందీ రాస్తావా?" అని అడిగెను.

రేపటిదియు, ఎల్లుండిదియు వ్రాయగలిగినపుడే, మా చిన్నతనములో చేప బాగుగా తూగెడిదను మాటకు సాక్ష్యము పుట్టును. ఆ సాక్ష్యము వృద్ధుని పక్షమున నిలుచునో, అతని జ్ఞాపకమును సరిదిద్దునో ఇప్పుడు చెప్పలేము. ఏది యైనను మన మనుమలు "ఎంత తూగేది?" అని యడిగిన నాడు, ఎవరు రాసిపెట్టారని నవ్వి ఊరకుండవలసిన అవసరము మాత్రము కలుగదు.